ఆకు కట్టిన దిబ్బ

యెన్‌మనాస్ దీవి,
ఈస్టర్ తర్వాతి మంగళవారం.

అమ్మకు,

నీ పెద్దకూతురు డోర్కాస్ దండం పెట్టి రాస్తున్నది. దేవుడి దయవల్ల నేను, నీ అల్లుడు ఒబెత్, నీ కోళ్ళు, ఆ పనికిమాలిన కుక్క అందరం కులాసాగానే ఉన్నాం. మనొక్వారిలో నువ్వు, చెల్లెలు సెల్ఫీనా, దాని పసివాడు బాగున్నారని, వాడు నిన్ను కాస్తయినా కన్ను మూయనిస్తున్నాడని అనుకుంటున్నాను. వాడికి మన తాతయ్య ముక్కు వచ్చిందని రాశావు. పాపం, చెల్లెలికి చెప్పకు.

నీ ఉత్తరం పోయిన వారం పడవలో వచ్చింది. ఒబెత్ జెట్టీ మీంచే అరిచాడు. "మీ అమ్మ ఉత్తరం! చేతికి బరువుగా ఉంది, తిట్లు బాగానే పోసినట్టుంది!" చదివాక నిజమేననిపించింది. అడిగినవాటికి ముందు జవాబులు రాస్తాను, లేకపోతే నీ మాట లెక్కచేయలేదంటావు.

మా రిసార్టు కుటీరాలకు రేకులు వేయించలేదు. వేయించను కూడా. రేకుల కింద అతిథులు మధ్యాహ్నానికి కాల్చిన చేపల్లా అవుతారు. ఒబెత్ సగ్గు చెట్ల ఆకులు తెచ్చి సముద్రం వైపు కుటీరాలన్నిటికీ కొత్త కప్పు నేశాడు. ఇక మరుగుదొడ్ల సంగతి. అవునమ్మా, ఇంకా నీళ్ళకు బదులు రంపపు పొట్టే. "అంత దూరం నుంచి వచ్చినవాళ్ళ చేత పొట్టు పోయిస్తావా, సిగ్గులేదా" అని అడిగావు. వాళ్ళు సంతోషంగానే పోస్తున్నారు. ఆ ఎరువుతో పెరిగిన అరటి చెట్లు ఈ ఏడు గెలలు మోయలేక ఒరిగిపోయాయి. నువ్వు ముట్టనని ఒట్టు పెట్టుకున్న ఆ పళ్ళనే బిర్గిట్ రోజూ పొద్దున తింటూ "ఇంత తియ్యటి పండు మా దేశంలో లేదు" అంటుంది. ఎరువు ఏమిటో ఆమెకు తెలుసు. బిర్గిట్ గుర్తుందిగా, డెన్మార్క్‌లో బడి పంతులమ్మగా చేసి మానేసిన పెద్దావిడ, నీతో పోకచెక్క నమిలి నాలుక కాల్చుకున్నది, ఆవిడే. ఈ ఏడు కూడా వచ్చింది.

పగడాలు బతికాయా అని అడిగావు. పోయిన ఏడు నీళ్ళు వేడెక్కి పగడాల దిబ్బంతా సున్నం కొట్టినట్టు తెల్లబడినప్పుడు నువ్వు నాతో పాటు ఏడ్చావు కదా. కొన్ని చనిపోయాయి. వాటి మీద పాచి పట్టింది. కానీ తూర్పు వాలులో చాలావాటికి రంగు తిరిగి వచ్చింది. ఇనుప చట్రాలకు మేము కట్టిన పగడపు ముక్కలు కొన్ని అరచేయంత పెరిగాయి. వాటి మధ్య చిన్న చేపలు కాపురాలు పెట్టాయి.

ఇన్ని ఆదివారాలుగా ఫోన్ ఎందుకు చేయలేదని అడిగావు. పిడుగు పడి టవరు పోయింది. దాని గురించి ఇంకా కొంచెం రాయాలి, తర్వాత రాస్తాను.

ఇక ఉత్తరం చివర, కాగితం అంచున, ఎవరికీ కనపడకూడదన్నట్టు చిన్న అక్షరాలతో అడిగావు: "నా తమ్ముడు నీతో మాట్లాడుతున్నాడా?"

అమ్మా, ఈ గొడవ నీకు తెలుసు. అయితే నువ్వు జెత్ మావయ్య నోటి నుంచే విన్నావు. ఒక్కసారి నా వైపు నుంచి కూడా విను.

మేము రిసార్టు మొదలుపెట్టిన ఏడు ఊరంతా కూర్చుని తూర్పు దిబ్బను మూసేద్దామని అనుకున్నది. పాస్టరుగారు ప్రార్థన చేశారు, కొబ్బరాకు కట్టిన గుంజ పాతారు. ఆ రోజు నుంచి అక్కడ గాలం లేదు, వల లేదు. దానికి బదులు మా దగ్గరికి వచ్చే ప్రతి అతిథి పేరున కొంత సొమ్ము ఊరి ఆసుపత్రి గదికి, బడికి పోతున్నది. ఆ సమావేశం జరిగిన రోజు మావయ్య ఊళ్ళో లేడు. సొరొంగ్ ఆసుపత్రిలో యకోమినా అత్త మంచం పక్కన ఉన్నాడు. అత్త శవపేటికతో పడవ దిగేసరికి, ఆమె గవ్వలు ఏరుకునే చోట ఆకు వేలాడుతూ కనిపించింది. "మనిషీ పోయింది, మనిషి తిరిగిన చోటూ పోయింది. నన్నొక్క మాట అడిగారా?" అన్నాడు. ఆ తర్వాత మా జెట్టీ మీద కాలు పెట్టలేదు. చర్చిలో మేము కుడి వైపు కూర్చుంటే తను ఎడమ వైపు. తెల్లవారక ముందే మా కుటీరాల ముందు నుంచి పడవ పోనిస్తూ, అక్కడికి రాగానే మోటారు జోరు పెంచేవాడు. అతిథులు ఉలిక్కిపడి లేచేవాళ్ళు. "ఇది ఏ పక్షి?" అని ఒకాయన అడిగితే ఒబెత్ "మా మావయ్య పక్షి" అన్నాడు.

ఈ ఈస్టర్‌కు మూసిన గడువు తీరనుండటంతో, మళ్ళీ కట్టాలా వద్దా అని ఊరు తేల్చుకోవాల్సి వచ్చింది. మావయ్య ఇల్లిల్లూ తిరిగి "విప్పేద్దాం" అని చెబుతున్నాడని తెలిసింది. ఆకు విప్పితే మనవాళ్ళ గాలాలతో ఆగదమ్మా. బయటి నుంచి పెద్ద వలల పడవలు వస్తాయి. ఏడాది తిరగకుండా దిబ్బ ఖాళీ అవుతుంది, చూడటానికేమీ లేని చోటికి అతిథులు రారు, మేమూ ఒబెత్ నేసిన కప్పులన్నీ వదిలి ఎక్కడికో పోవాలి. నేను సమావేశంలో ఏం మాట్లాడాలో అద్దం ముందు నిలబడి వల్లె వేసుకునేదాన్ని. ఫోటోలు కూడా సిద్ధం చేసుకున్నాను.

ఇప్పుడు అసలు సంగతి. టవరు పోయిన మాట నిజమే. కానీ పడవ మీద వాయిసాయి పట్నానికి వెళ్ళి అక్కడి నుంచి ఫోన్ చేయగలిగేదాన్ని. చేయలేదు. నా గొంతు వింటే నువ్వు ఇట్టే పట్టేస్తావు. అమ్మా, ముందు కూర్చో. పసివాణ్ణి సెల్ఫీనా చేతికి ఇయ్యి. నేను బాగున్నాను, ఈ అక్షరాలు నా చేత్తో రాసినవే. అది గుర్తు పెట్టుకుని చదువు.

ఈస్టర్ ముందు ఉపవాస దినాల మొదట్లో ఒక పొద్దున బిర్గిట్‌ను తీసుకుని డైవింగుకు వెళ్ళాను. మా గైడుకు జలుబు, చెవులు మూసుకుపోయాయి, అందుకని నేనే దిగాను. రెండు చిట్టి దీవుల మధ్య ఇరుకు నీళ్ళు ఉన్నాయే, అక్కడ. అనుకున్నదానికంటే ముందే పోటు తిరిగింది. మమ్మల్ని ఎవరో జబ్బ పట్టి లాక్కెళ్ళినట్టు దీవి కొన దాటించేసింది. పైకి తేలి చూస్తే పడవ లేదు. మా పడవ నడిపే యోరామ్‌కు సరిగ్గా అప్పుడే మోటారు రెక్కకు తాడు చుట్టుకుని ఆగిపోయింది. విప్పుకుని వచ్చేసరికి మేము లేము. పాపం, అతను దీవికి అవతలి వైపు వెతికాడు.

దూరపు పడవలకు కనపడేలా నేను నారింజ రంగు గాలి గొట్టం ఊది నిలబెట్టాను. ఇద్దరం విడిపోకుండా నడుములకు తాడు కట్టుకున్నాం. బిర్గిట్ ఆ ముడి ఒకసారి లాగి చూసుకుంది. తర్వాత అడిగింది.

"డోర్కా, ఇవాళ మధ్యాహ్నం భోజనంలోకి ఏముంది?"

"చేపల పులుసు. సగ్గు ముద్ద."

"సగ్గు ముద్దా? అయితే తొందరేం లేదులే."

నాకు నవ్వు వచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. ఆవిడ చూడకుండా ముఖం తిప్పుకున్నాను. దీవి చిన్నదైపోతూ వచ్చింది. ముందు ఇళ్ళు కనపడటం మానేశాయి, తర్వాత కొబ్బరి చెట్లు. ఎండ నెత్తిని మలమల మాడ్చింది. దూరంగా ఒక పడవ పోతే గొంతు చించుకుని అరిచాం, అది ఆగలేదు. ఆవిడ పెదాలు వణకడం మొదలైనప్పుడు నేను చర్చి పాటలు ఎత్తుకున్నాను. "నీకు పాడటం రాదు. కానీ ఆపకు" అన్నది బిర్గిట్.

నిన్ను తలచుకున్నాను. పసివాడికి నీళ్ళు పోస్తూ ఉంటావు, ఎవరో వచ్చి గుమ్మంలో నిలబడి చెప్పలేక చెబుతారు, నీ చేతుల్లోంచి పిల్లాడు జారతాడేమో అని అదే భయం నాకు. నా భయం కంటే ఆ భయమే ఎక్కువైంది.

పొద్దు వాలుతుండగా మోటారు చప్పుడు వినిపించింది. ఆ చప్పుడు నాకు బాగా తెలుసమ్మా. ప్రతి పొద్దునా తిట్టుకుంటూ లేచిన చప్పుడు.

"మావయ్యా! మావయ్యా!"

"అరవకే. నాకేం చెవుడు లేదు."

పడవ పక్కకు తెచ్చి మోటారు ఆపాడు. ముందు బిర్గిట్‌ను రెండు చంకల కింద చేతులు వేసి పైకి లాగాడు. నన్ను మాత్రం వెంటనే లాగలేదు. ఆ నారింజ గొట్టాన్ని చూపించి అన్నాడు.

"దూరం నుంచి చూసి మీ రిసార్టు చెత్త కొట్టుకొస్తోందనుకున్నా. తీసుకెళ్ళి మీ జెట్టీ మీద పడేసి, 'ఇదిగోండి మీ శుభ్రం' అందామని వచ్చా."

"మావయ్యా, నన్ను లాగు."

"లాగుతా. నీ మీద కోపం పోయిందనుకునేవు. పోలేదు. ముందు ఎక్కు."

నీళ్ళు తాగించాడు. తన చొక్కా విప్పి నా భుజాల మీద వేశాడు. ఆ తర్వాత మాకు వీపు పెట్టి కూర్చుని పడవ నడిపాడు.  దారి పొడుగునా ఆ వీపు అదురుతూనే ఉన్నది. చలి కాదు, చొక్కా లేకపోయినా ఎండ ఇంకా వెచ్చగానే ఉంది.

తర్వాత ఒబెత్ చెప్పాడు. యోరామ్ ఒడ్డుకు వచ్చి కబురు చెప్పగానే శంఖం ఊదారట. ఊరి పడవలన్నీ లేచాయి. ఒడ్డున ఎవరో "రిసార్టుకి సొంత పడవలున్నాయి కదా, వాళ్ళని వెతుక్కోనీ" అన్నాడట. మావయ్య అప్పటికే పడవ నీళ్ళలోకి తోస్తున్నాడు. "నోర్ముయ్యి. అది మా అక్క కూతురు" అన్నాడట. మిగతా పడవలు పెట్రోలు అయిపోవస్తోందని ఒక్కొక్కటే వెనక్కి వచ్చినా తను రాలేదు. చెత్త ఏరడానికి వచ్చినవాడు అలా వెతుకుతాడా అమ్మా?

పడవ నేరుగా మా జెట్టీకే కట్టాడు. బిర్గిట్ కాళ్ళకు వేసుకునే ఈత రెక్కలు చేత్తో పట్టుకుని, అన్నాళ్ళ తర్వాత మొదటిసారి జెట్టీ మీద కాలు పెట్టాడు. ఒబెత్ నన్ను పట్టుకుని ఏడ్చేశాడు. ఆ ఏడుపులోనే, ఏమనాలో తెలియక, "మావయ్యా, కాఫీ తాగుతావా?" అన్నాడు.

"చక్కెర ఎక్కువెయ్యి. మీ కాఫీ చేదని ఊరంతా అంటుంది."

నాకు ముఖం, పెదాలు కాలి తోలు ఊడింది, అంతే. వాయిసాయి డాక్టరు చెవులు, ఊపిరి చూసి ఏమీ లేదన్నాడు. ముఖాన మందంగా ఎండ లేపనం పూసుకున్న బిర్గిట్‌కు అదీ లేదు. మళ్ళీ ఏడు వస్తానంటున్నది.

కానీ నీకు తప్ప ఎవరికీ నోరు విప్పి చెప్పని మాట ఒకటుంది, ఒబెత్‌కు కూడా చెప్పలేదు. ఆ తర్వాత నేను నీళ్ళలోకి దిగలేకపోయాను. పొద్దున్నే డైవింగ్ అద్దం, రెక్కలు తీసుకుని జెట్టీ చివరిదాకా వెళ్ళేదాన్ని. కాళ్ళు బిగుసుకుపోయేవి. వంటింట్లో పనుందనో, లెక్కలున్నాయనో చెప్పి వెనక్కి వచ్చేదాన్ని. నీళ్ళ మీద బతికే మనిషికి నీళ్ళంటే భయం పట్టుకుంటే ఎవరికి చెప్పుకుంటుంది? ఊరు ఆకు మళ్ళీ కట్టినా ఇక నా వల్ల కాదేమో, ఎవరికైనా అప్పగించి మనొక్వారికి వచ్చేద్దామా అని కూడా అనుకున్నాను. అందుకే ఫోన్ చేయలేదు.

ఒక సాయంత్రం పోకచెక్కలు, సున్నం పట్టుకుని మావయ్య ఇంటికి వెళ్ళాను. మెట్ల మీద కూర్చుని ఇద్దరం నమిలాం. వల్లె వేసుకున్న మాటలేవీ నోటికి రాలేదు. "నీకేం కావాలి మావయ్యా?" అని అడిగాను, అంతే.

చాలాసేపు నమిలి, ఉమ్మి, అప్పుడన్నాడు.

"చేపల కోసం కాదే నా గోల. చేపలు ఎక్కడైనా పడతాయి. ఆ మోకాటి లోతు నీళ్ళున్నాయి చూడు, అక్కడ నిలబడితే మీ అత్త వంగి గవ్వలేరుతున్నట్టే ఉంటది నాకు. కొంగులో వేసుకుంటా నన్ను తిడతా ఉంటది. ఇప్పుడు అక్కడ అడుగు పెడితే నన్ను దొంగంటారు. ఆమెను చూడటానికి పోయి దొంగనవ్వాలా?"

అమ్మా, నేను రోజూ ఆ దిబ్బ మీదే ఉంటాను. అక్కడ ఏ చేప ఏ రాతి కింద ఉంటుందో నాకు తెలుసు. ఈ మాట మాత్రం తెలియదు.

"ఆ లోతు తక్కువ చోటు మూసిపెట్టనక్కర్లేదు మావయ్యా. పగడాలు ఉన్నది బయటి వాలులో. గుంజ అవతలికి జరిపితే సరిపోతుంది. ఆడవాళ్ళు మళ్ళీ గవ్వలేరుకోవచ్చు."

"బయటి వాలులో ఏముందో నాకేం తెలుసు? కుర్రతనంలో కొయ్యతో చేసిన ఈతద్దాలు పెట్టుకుని దిగేవాణ్ణి. ఒక్క ఊపిరి. కావాల్సింది పట్టుకుని పైకి రావడమే, చూడ్డానికి తీరికెక్కడిది? నన్ను దించు. చూశాక చెప్తా."

"నేనా?"

"మరి ఎవరు? నీకంటే బాగా తెలిసినోళ్ళు ఈ దీవిలో ఉన్నారా?"

ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు. కాదని చెప్పడానికి సాకు దొరకలేదు. ఆసుపత్రి గదిలో నర్సు చేత మావయ్య గుండె, ఊపిరి చూపించాను, ఆమె అయినా వద్దంటే బాగుండునని లోపల అనుకున్నాను. "ఈయన మనందరి కంటే ఎక్కువ కాలం ఉంటాడు" అన్నదామె.

ఈస్టర్ ముందు శనివారం, నీళ్ళు అద్దంలా నిలిచిన వేళ చూసి జెట్టీ మెట్ల మీద కూర్చున్నాం. వీపున సిలిండరు, ముఖాన అద్దం పెట్టేసరికి మావయ్య పెద్ద కప్పలా ఉన్నాడు. ఒబెత్ నవ్వు ఆపుకోలేక పక్కకు పోయాడు. నేను చివరి మెట్టు మీద ఆగిపోయాను. అవే కాళ్ళు, మళ్ళీ బిగుసుకున్నాయి. మావయ్య నోట్లోంచి గొట్టం తీసి నా వైపు చూశాడు.

"భయమేస్తోందా?"

ఇక దాచలేక తల ఊపాను.

"నాకూ వేస్తోంది. రా." చెయ్యి చాపాడు.

ఎవరు ఎవరిని దించారో నాకు తెలియదమ్మా. నీళ్ళు తల మీదుగా మూసుకున్నాయి. మొదటి ఊపిరి గొంతులో చిక్కుకుంది. రెండోది వెళ్ళింది. తర్వాత నా ఊపిరి చప్పుడు, మావయ్య ఊపిరి చప్పుడు, అంతే. ఎక్కువ లోతుకు పోలేదు. వాలు మొదలయ్యే అంచున ఇసుక మీద మోకాళ్ళు ఆనించి కూర్చున్నాం. మావయ్య నా చెయ్యి వదల్లేదు. ఎర్రవి, ఊదావి, చెట్ల కొమ్మల్లాంటివి, మెదడు మడతల్లాంటివి, అన్నీ అలాగే చూస్తూ ఉండిపోయాడు. ఇంతలో నుదుటి మీద బొప్పి ఉన్న పెద్ద పచ్చ చేపల మంద ఒకటి దున్నల్లా బరువుగా వచ్చి, పగడాలు కరకర కొరుకుతూ మా ముందు నుంచే పోయింది. ఆ కొరికే చప్పుడు వినిపిస్తుంటే మావయ్య అద్దం వెనక కళ్ళు ఇంతయ్యాయి. తర్వాత ఏదో చూసి గట్టిగా నా జబ్బ గుంజాడు. పగడాలు కప్పేసిన ఒక లంగరు. దాన్నీ, తన గుండెనీ మార్చి మార్చి చూపించాడు. నాది, నాది అని. నీళ్ళ కింద అంత గట్టిగా పోట్లాడిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు.

పైకి వచ్చాక ముందు దాని గురించే. "మా పెళ్ళైన ఏడు పోగొట్టుకున్నా! ఎవడో దొంగిలించాడని ఊళ్ళో సగం మందితో మాటలు మానేశా!"

"తీసి ఇవ్వమంటావా?"

"వద్దులే. దాంట్లో ఏదో కాపురముంది." మెట్ల మీద కూర్చుని ముఖం తుడుచుకున్నాడు. తుడిచినకొద్దీ తడి అవుతూనే ఉంది. "మీ అత్త ఇన్నేళ్ళు ఆ అంచుదాకా పోయి తిరిగొచ్చేది. పది అడుగుల అవతల ఇదంతా ఉందని దానికి తెలీదు. ఒక్కసారి చూపించి ఉండాల్సింది."

నేను మళ్ళీ నీళ్ళలోకి దిగాను. ఆయన వెళ్ళిపోయాక ఒంటరిగా కాసేపు తేలుతూ పడుకున్నాను. భయం పూర్తిగా పోలేదు, కానీ ఇప్పుడు అది నా పక్కన ఈదుతున్నది, నన్ను పట్టుకుని లాగడం లేదు.

నిన్న ఊరి సమావేశం జరిగింది. నేను ఫోటోలు తీసుకెళ్ళలేదు. గుంజ అవతలికి జరుపుదామని, లోపలి నీళ్ళు ఆడవాళ్ళకు వదిలేద్దామని చెప్పి కూర్చున్నాను. అందరూ మావయ్య వైపు తిరిగారు, విప్పేద్దామని ఇల్లిల్లూ తిరిగింది ఆయనే కదా. లేచి గొంతు సవరించుకున్నాడు.

"కట్టండి. బయటి వాలుకి కట్టండి. కానీ కట్టేది నేను. పోయినసారి నన్ను పిలవలేదు."

వెనక నుంచి ఎవరో "కొత్త యూనిఫారం కుట్టించుకో, రిసార్టు కాపలాదారూ" అని ఎగతాళి చేశారు.

"వాళ్ళ చొక్కా నేనెందుకేసుకుంటా? ఇది మా ఆవిడ సముద్రం. వాళ్ళే నా కింద పనిచేస్తారు."

ఊరంతా ఒక్కటే నవ్వు. ఇవాళ పొద్దున పాస్టరుగారు ప్రార్థన చేశారు. మావయ్య నడుము లోతు నీళ్ళలో నిలబడి, కొత్త గుంజకు పచ్చి కొబ్బరాకు తన చేత్తో ముడేశాడు. వెనక లోపలి నీళ్ళలో అప్పుడే ఆడవాళ్ళు కొంగులు దోపుకుని గవ్వలకు వంగారు. ఆయన అటు ఒకసారి చూసి, నెమ్మదిగా ఒడ్డుకు నడిచి వచ్చాడు.

మనొక్వారికి రావడం లేదమ్మా. పసివాణ్ణి చూడటానికి మాత్రం తప్పకుండా వస్తాను, ఉండిపోవడానికి కాదు.

ఇది రాస్తుంటే మావయ్య మా వసారాలో కాఫీ తాగుతున్నాడు. ఎవరికి రాస్తున్నావంటే నీకన్నాను. నీ ప్రశ్న చదివి వినిపిస్తే, "మాట్లాడుతున్నాడా అని అడిగిందా? మాట్లాడకుండా ఉండనిస్తే కదా ఈ పిల్ల!" అన్నాడు. సెల్ఫీనా కాస్త తేరుకున్నాక తనే పడవెక్కి వచ్చి నిన్ను తీసుకొస్తాడట. ఇంకో మాట కూడా రాయమన్నాడు, ఆయన అన్నది అన్నట్టే రాస్తున్నాను:

"అక్కా, వయసైపోయింది, నాకెందుకు అనకు. రాగానే నిన్ను నీళ్ళలోకి దించుతాం. నీ చెయ్యి నేను పట్టుకుంటా."

ఇట్లు,
నువ్వు వచ్చే పడవ కోసం జెట్టీ మీద ఎదురుచూసే
నీ పెద్దకూతురు,
డోర్కాస్